కిరాయి ఇల్లు - కోర్టు దారి

 

ఈ రోజు కిరాయి ఇంటి సంగతి మాట్లాడుకుందాం. మనలో కొందరికి ఒక గదో, రెండు గదులో కిరాయికిచ్చే ఇల్లుంది. ఎక్కువమందిమి కిరాయికి ఉంటున్నాం. ఈ సంగతి ఇద్దరికీ తెలియాలి.

ఒక అక్క ఉందనుకుందాం. భర్త పోయాడు. రెండు గదుల ఇల్లు మిగిలింది. ఒక గదిలో తనుంటుంది. ఇంకో గది కిరాయికిచ్చింది. బియ్యానికైనా, మందులకైనా, పిల్ల చదువుకైనా ఆ కిరాయే ఆధారం. ఐదు నెలలుగా కిరాయిదారు పైసా ఇవ్వడం లేదు. అడిగితే "ఇస్తాలే" అంటాడు. ఖాళీ చెయ్యమంటే కదలడు. ఆ అక్క ఏం చెయ్యాలి?

"సామాన్లు బయట పడెయ్యి" అంటారు ఒకరు. "కరెంటు పీకెయ్యి" అంటారు ఇంకొకరు. "తాళం వేసెయ్యి" అంటారు మరొకరు. ఈ మూడూ వద్దు. ఇల్లు మనదే. కానీ అందులో ఉన్న మనిషిని బలవంతంగా వెళ్లగొట్టే హక్కు మనకు లేదు. అది కోర్టు చెయ్యాల్సిన పని. మనమే వెళ్లగొడితే కిరాయిదారు 6 నెలల లోపు దావా వెయ్యవచ్చు. తిరిగి ఇంట్లోకి రావచ్చు. 1963లో వచ్చిన చట్టం ఆ హక్కు ఇచ్చింది. అప్పుడు మన బాకీ పక్కకు పోతుంది. తప్పు మన మీదికి వస్తుంది.

మరి దారి ఏది? ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది కాగితం. ఇల్లు ఇచ్చేనాడే ఒప్పందం రాసుకోవాలి. కిరాయి ఎంత, అడ్వాన్సు ఎంత, ఏ తేదీలోగా కట్టాలి, ఇవన్నీ అందులో ఉండాలి. ఇద్దరూ సంతకం చెయ్యాలి. ఏడాదికి మించిన ఒప్పందమైతే రిజిస్ట్రేషన్ చేయించాలి. అందుకే చాలామంది 11 నెలలకు రాసుకుంటారు. 11 నెలలు నిండినా సరే, మనంతట మనం తాళం వెయ్యకూడదు. ప్రతి నెలా కిరాయి ముట్టగానే రశీదు ఇవ్వాలి. రేపు కోర్టులో ఈ కాగితాలే సాక్ష్యం.

రెండోది నోటీసు. నెల నెలా కిరాయి కట్టే ఇంటికి 15 రోజుల గడువు ఇచ్చి నోటీసు పంపాలి. ఇది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని మాట. నోటి మాట చాలదు. రాసి, సంతకం పెట్టి, అందినట్టు రుజువు వచ్చేలా పోస్టులో పంపాలి. దాని నకలు మన దగ్గర దాచుకోవాలి.

మూడోది కోర్టు. మన తెలంగాణ పట్టణాల్లో తక్కువ కిరాయి ఇళ్లకు 1960లో వచ్చిన కిరాయి చట్టం ఉంది. ఆ కేసు వినే అధికారిని రెంట్ కంట్రోలర్ అంటారు. 2005లో ఆ చట్టాన్ని మార్చారు. అప్పటి నుంచి కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయి ఇళ్లకు ఆ చట్టం లేదు. అలాంటి ఇళ్లకు సివిల్ కోర్టులో దావా వెయ్యాలి. మనది ఏ కోర్టో వకీలును అడిగి తెలుసుకోవాలి.

కిరాయి చట్టం కింద కేసు వెయ్యాలంటే తగిన కారణం చూపాలి. కిరాయి కట్టకపోవడం ఒక కారణం. మనల్ని అడగకుండా ఇల్లు ఇంకొకరికి కిరాయికివ్వడం, ఇల్లు పాడుచెయ్యడం కూడా కారణాలే. ఆ ఇల్లు నిజంగా మనకే అవసరం పడినా అడగవచ్చు. కిరాయిదారు కావాలని ఎగ్గొట్టలేదని తేలితే, బాకీ కట్టడానికి 15 రోజుల దాకా గడువు ఇవ్వవచ్చు. ఇద్దరి మాటా విన్నాకే తీర్పు.

తీర్పు మనకు వచ్చినా ఆయన ఖాళీ చెయ్యకపోతే? దానికీ కోర్టులోనే అర్జీ పెట్టాలి. కోర్టు అమీను వచ్చి ఇల్లు ఖాళీ చేయించి మనకు అప్పగిస్తాడు.

ఇందుకు నెలలు పడుతుంది. ఏళ్లు కూడా పట్టవచ్చు. అందుకని రాజీకి వీలుంటే లోక్ అదాలత్‌కు వెళ్లడం మేలు. "బాకీలో ఇంత వదులుకుంటా, ఫలానా తేదీకి ఖాళీ చెయ్యి" అని ఒప్పుకోవచ్చు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు తీర్పుతో సమానం. దాని మీద అప్పీలు లేదు.

"వకీలుకు డబ్బు ఎక్కడిది?" అంటారేమో. 1987లో వచ్చిన న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఆదాయం ఎంతని చూడరు. మండల న్యాయ సేవల కమిటీలో అడగండి. 15100 నంబరుకు ఫోన్ చెయ్యండి.

ఇప్పుడు కిరాయికి ఉండే అక్కలకు ఒక మాట. కిరాయి కట్టి రశీదు అడిగి తీసుకోండి. ఇంటివాళ్లతో తగవు వచ్చిందని కిరాయి ఆపకండి. ఆపితే కేసు మీ మీదికి తిరుగుతుంది. నోటీసు వస్తే భయపడి సామాన్లు సర్దొద్దు. పొయ్యిలోనూ పెట్టొద్దు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవండి. ఎవరు పంపారు? ఏ తేదీ వేశారు? ఎన్ని రోజుల గడువు? ఈ మూడూ చూడండి. కోర్టు నుంచి సమన్లు వస్తే ఆ తేదీకి తప్పకుండా వెళ్లండి. వెళ్లకపోతే మీ మాట వినకుండానే తీర్పు ఇచ్చేస్తారు.

నిన్నటి దాకా ఎవరు ఏ కాగితం చూపినా మనం వేలిముద్ర వేశాం. ఇప్పుడు చదవడం వచ్చింది. చదవనిదే సంతకం పెట్టొద్దు. ఇల్లు ఇచ్చేవాళ్లమైనా, ఇంట్లో ఉండేవాళ్లమైనా మనకు అండ ఆ కాగితమే. ఈ రాత్రే పెట్టె తెరిచి, మీ ఇంటి రశీదులు ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోండి.

సెలవు.