నాలుగో గడి
(జిల్లా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు రాసిన గుమాస్తాను. కనుక ఒక దస్త్రంతోనే మొదలుపెడతాను.

ఒక సంవత్సరం మా కార్యాలయం ద్వారా పేద ముస్లిం మహిళలకు కుట్టుమిషన్లు పంపిణీ అయ్యాయి. మంజూరైనవి ఎన్ని, పంచినవి ఎన్ని, ఖర్చయినది ఎంత అనే మూడు గడులు నింపి వినియోగ ధ్రువపత్రం సిద్ధం చేసింది నేనే. లెక్క పైసాతో సహా సరిపోయింది. కొన్ని నెలల తరువాత అదే జాబితాలోని ఒక ఇంటికి వేరే పనిమీద వెళ్లాను. మిషన్ మంచం కింద గోనెసంచి కప్పి ఉంది. "కుట్టడం ఎవరూ నేర్పలేదు భాయ్‌సాబ్" అన్నది ఆ సోదరి. నేను రాసినదాంట్లో అబద్ధం లేదు. కాని ఆ ఇంటికి మేలు జరిగిందా అన్న ప్రశ్నకు నా పత్రంలో గడి లేదు.

ఆ నాలుగో గడిని నింపే విద్యనే కార్యక్రమ మూల్యాంకనం అంటారు. ఆ విద్య మనకు ఎందుకు అవసరమో రెండు ఉదాహరణలతో మనవి చేస్తాను.

2006లో సచార్ కమిటీ నివేదిక వెలువడిన తరువాత, 2008-09లో కేంద్రం మైనారిటీలు అధికంగా ఉన్న 90 జిల్లాలలో బహుళ రంగాల అభివృద్ధి కార్యక్రమాన్ని చేపట్టింది. జిల్లాను యూనిట్‌గా తీసుకున్నందువల్ల తరగతి గది, అంగన్‌వాడీ జిల్లాలో ఎక్కడ కట్టినా లెక్కకు వచ్చేది. ముస్లిం బస్తీకి అది చేరిందా అని అడిగే అవకాశం తక్కువ. క్షేత్రానికి వెళ్లిన పరిశోధకులు, కార్యకర్తలు ఈ లోపాన్ని ఎత్తిచూపారు. పన్నెండవ ప్రణాళిక కాలంలో యూనిట్ జిల్లా నుంచి బ్లాకుకు, పట్టణానికి దిగింది.

రెండవది చేదు అనుభవం. 1 నుంచి 8వ తరగతి వరకు మైనారిటీ పిల్లలకిచ్చే ప్రీమెట్రిక్ ఉపకార వేతనాన్ని 2022లో కేంద్రం నిలిపివేసింది. విద్యాహక్కు చట్టం కింద ఆ తరగతులకు ఉచిత విద్య ఉన్నదని కారణం చెప్పింది. మనం వినతిపత్రాలు ఇచ్చాము. అయితే ఆ వేతనం వల్ల మన మండలంలో ఎందరు ఆడపిల్లలు బడి మానకుండా నిలిచారో చూపే ఒక్క పేజీ మన చేతిలో లేదు. మరుసటి సంవత్సరం, ఉపకార వేతనాలు పొందిన 1,572 సంస్థలను పరిశీలించగా 830 సంస్థలలో అక్రమాలు బయటపడ్డాయని కేంద్ర మంత్రిత్వశాఖే వెల్లడించింది. దోచుకున్నది మన పిల్లల సొమ్ము. ఆ జాబితాలను ఊరూరా మనమే సరిచూసి ఉంటే, దొంగలను వేరుచేసి పిల్లల పక్షాన నిలబడి మాట్లాడగలిగేవాళ్లం.

"తప్పులు బయటపెడితే పథకమే ఎత్తేస్తారు" అని కొందరు పెద్దలు భయపడతారు. దాచిన తప్పు ఎప్పటికైనా బయటపడుతుంది. పరాయివాళ్లు బయటపెట్టిన రోజున దొంగకూ లబ్ధిదారుకూ తేడా చూసేవారుండరు.

ఈ విద్యకు మార్గం మన ప్రాంతంలోనే ఉన్నది. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీని గ్రామసభ హక్కుగా చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ పనికి 2009లో ప్రత్యేక సంస్థనే నెలకొల్పింది. సామాన్య కూలీల ఇళ్ల నుంచి వచ్చిన యువతీయువకులు మస్టర్లు చదివి, ఇంటింటా విచారించి, గ్రామసభలో వినిపించడం నేర్చుకున్నారు. తనిఖీకి వచ్చేవారు అదే పంచాయతీ నివాసులు కారాదని 2011 నాటి నియమాలు చెప్పాయి. ఆ నియమం మన పనికీ వర్తించాలి. కర్నూలు బృందం కడపలో, కడప బృందం మహబూబ్‌నగర్‌లో పరిశీలించాలి. అప్పుడే మొహమాటం అడ్డురాదు.

నైపుణ్యం కోసం నిపుణుల తలుపు తట్టాలి. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం, హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం, జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉన్నాయి. మన కాలేజీలలో గణాంకశాస్త్రం బోధించేవారు, పదవీ విరమణ చేసిన ఆడిటర్లు ఉన్నారు. నమూనా ఎంచడం, ప్రశ్న అడగడం, పోల్చిచూడడం వారు నేర్పుతారు. బస్తీ భాష, ఇంట్లోని స్త్రీలు మనసు విప్పేంత నమ్మకం మన వద్ద ఉన్నాయి. అది ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం కావాలి. వారి ప్రశ్నావళులు నింపిపెట్టే కూలీలుగా మనం మిగలరాదు. ప్రశ్నలు కలిసి తయారుచేయాలి, నివేదికను ముందుగా బస్తీలోనే చదివి వినిపించాలి.

ఆరంభం చిన్నదిగా ఉండనివ్వండి. ఒక పథకం, యాభై ఇళ్లు, ఐదు ప్రశ్నలు. సాయం అందిన ఇళ్లతో పాటు అర్హత ఉండి అందని ఇళ్లనూ చూడండి. ఆ పోలిక లేకుంటే ఫలితం తెలియదు. అన్నిటికంటే ముందు మన సంఘాలు జకాత్ సొమ్ముతో ఇచ్చే సహాయాన్నే పరీక్షకు పెడదాం. అది మన చేతిలోని అమానత్. మన లెక్క మనం విప్పి చూపినప్పుడే ప్రభుత్వాన్ని లెక్క అడిగే మాటకు బలం.

ఆ సోదరి ఇంటి నుంచి తిరిగి వచ్చి నేను ఆ దస్త్రం మళ్లీ తెరవలేదు. అప్పటికే అది ముగిసిన దస్త్రం. ఆ బాధ్యతను ఇవాళ మీ చేతుల్లో పెడుతున్నాను. వచ్చే సమావేశానికి ప్రతి మండలం నుంచి యాభై ఇళ్ల లెక్కతో రండి. దానిని చదవడానికి నేనూ కళ్లద్దాలు తుడుచుకుని కూర్చుంటాను.