గౌటు నొప్పి - మన కంచం



ఎరువుల సంగతో పురుగుల సంగతో చెప్పవలసిన నేను ఇవాళ కాలి బొటనవేలి సంగతి చెప్పబోతున్నాను. నవ్వుకోకండి. మా ఎర్రుపాలెం మండలంలో ఒక పెద్దాయన సరిగ్గా మిరప కోతల వేళకు మంచం పట్టాడు. ముందురోజు పొద్దుగూకేదాకా చేలో తిరిగిన మనిషే. అర్ధరాత్రి బొటనవేలి మొదట్లో నిప్పు పెట్టినట్లు మంట లేచింది. తెల్లవారేసరికి వాచి, ఎర్రబడి, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయాడు. పండిన కాయ చెట్టు మీద ఉన్నది, కూలీలు గట్టు మీద ఉన్నారు, యజమాని మంచం మీద.

"ఏం తింటున్నావు బాబాయ్?" అని అడిగాను. "పప్పు మానేశాను బాబూ, వాతం గదా! మేక కాళ్ల సూపు తాగుతున్నా. సాయంత్రం కాస్త తాటికల్లు. అది ఒంటికి చలవ" అన్నాడు. మానవలసినవి పెట్టుకుని, తినవలసినది మానుకున్నాడన్నమాట!

నేను డాక్టరును కాను. వ్యవసాయంలో డిప్లొమా చదివిన విస్తరణాధికారిని. ఆయనను ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు డాక్టరుగారు చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ మీ ముందు పెడుతున్నాను.

ఈ జబ్బు పేరు గౌటు. ఆయుర్వేదంలో వాతరక్తం అంటారు. ప్యూరిన్లు అనే పదార్థాలు విరిగినప్పుడు యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఇందులో సుమారు రెండు వంతులు మన ఒంట్లోనే తయారవుతుంది, ఒక వంతు తిండి నుండి వస్తుంది. దీన్ని బయటికి తోసే మురుగు కాలువ మూత్రపిండాలు. కాలువ సరిగా పారకపోతే చవుడు నేల మీద ఉప్పు పొర కట్టినట్లు, ఈ ఆమ్లం కీలులో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. కాలివేలు ఒంట్లో చల్లగా ఉండే చోటు గనుక ముందుగా అక్కడే కడుతుంది.

ఇక పప్పు మాట. పప్పుల్లో ప్యూరిన్లు లేకపోలేదు. కాని అమెరికాలో 47,150 మంది మగవారిని 12 ఏళ్లు గమనించి 2004లో ఫలితాలు ప్రకటించారు. మాంసం, చేపలు, రొయ్యలు ఎక్కువగా తిన్నవారికి గౌటు ఎక్కువగా వచ్చింది. ప్యూరిన్లు ఉన్న కూరగాయలు, పప్పుధాన్యాలు తిన్నవారికి అలా పెరగలేదు. పాలు, పెరుగు, ముఖ్యంగా వెన్న తీసినవి వాడినవారికి తగ్గింది. మన చేలో పండిన పెసలు మనకే కాకుండా చేసుకోవడం ఎందుకు? పెసరపప్పు, పాలకూర మామూలుగా తినవచ్చును.

కాళ్ల సూపు సంగతి వేరు. మాంసం ఉడికేటప్పుడు ప్యూరిన్లు నీళ్లలోకి దిగుతవి. మనం ఆ నీళ్లనే బలమని తాగుతున్నాము! కార్జం, ఎండుచేపలు, రొయ్యపొట్టు కూడా ఇదే తరగతి. కల్లు రెండు విధాల చెరుపు. అందులోని మత్తు పదార్థం ఆమ్లాన్ని బయటికి పోనివ్వదు, పులియబెట్టే ఈస్టులో ప్యూరిన్లు ఉన్నవి. బీరూ అంతే. సీసాల్లో వచ్చే తియ్యటి కూల్‌డ్రింకులూ ఈ ఆమ్లాన్ని పెంచుతవి.

మరి ఏం తాగాలి? నీళ్లు తాగాలి. ఎండలో పనిచేసేవారికి ఒంట్లో నీరు ఇంకిపోయి నొప్పి తిరగబెడుతుంది. తరువాత మజ్జిగ. ఆ ఇంట్లో రెండు పాడిగేదెలున్నవి. పాలన్నీ కేంద్రానికి పోస్తున్నారు, ఇంటాయనకు చుక్క మిగలడం లేదు! ఇప్పుడు పిన్నిగారు ఒక సోలెడు ఉంచి తోడుపెడుతున్నది. వెన్న తీసిన మజ్జిగ ఆయనది, వెన్న మనుమలది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం నీళ్లైనా, పాలైనా, పప్పైనా ఎంత తీసుకోవాలో డాక్టరును అడగవలెను.

లంఖణం పరమౌషధం అంటారు. ఈ జబ్బులో కాదు. కటిక ఉపవాసం చేస్తే యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. బరువు తగ్గవలసినవారు నెమ్మదిగా తగ్గాలి.

ఒక్క తిండితోనే జబ్బు తీరిపోతుందని మాత్రం నేననను. రెండు వంతులు ఒంట్లోనే పుడుతున్నదని చెప్పాను గదా! మాటిమాటికీ నొప్పి వచ్చేవారికి అల్లోప్యూరినాల్ వంటి మందు ఇచ్చి, 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆమ్లం 6 మిల్లీగ్రాములకు లోపుగా ఉంచుతారు. నొప్పి తగ్గిందని మన ఇష్టాన మానరాదు. దుకాణంలో అడిగి నొప్పిబిళ్లలు మింగుతూ పోతే మూత్రపిండాలే చెడతవి. కీలు వాపుతో జ్వరం కూడా వస్తే అదే రోజు ఆసుపత్రికి పోవాలి, అది గౌటు కాకపోవచ్చు.

భద్రాచలం అడవుల వైపు తిరిగే సోదరులకు ఇంకొక మాట. వానకాలంలో కంచెల మీద ఎరుపు, పసుపు రేకులతో మంటలా పూసే అగ్నిశిఖ మీకు తెలుసు, అడవినాభి అని కూడా అంటారు. గౌటు నొప్పికి వాడే కాల్చిసిన్ మందు దాని గింజల నుండి తీస్తారు. తమిళనాడులో అందుకోసమే సాగు చేస్తున్నారు. కాని ఆ దుంప గాని, గింజ గాని పొరపాటున తింటే ప్రాణం పోతుంది. మందు ఉన్న మొక్కే కదా అని నూరి తాగవద్దు, ఎవరైనా తాగితే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చండి.

పెద్దాయన రెండో కోతకు చేలోకి వచ్చాడు. కల్లు పూర్తిగా మానలేదని పిన్నిగారు నాతో చాటుగా చెప్పింది.