మేఘాలయమున కూజామొక్క జాడ

భారతదేశమున సహజముగా పెరుగు కూజామొక్క జాతి ఒక్కటే. అది మేఘాలయములోని ఖాసీ, జయంతియా, గారో కొండలకు చెందిన నెపెంథిస్ ఖాసియానా. దానిని వెదకబోవువారు దట్టమైన అడవి నడుమ తిరుగుటకంటె, నత్రజని కొఱవడిన వాలునేలలను, ఎండ తగులు పొదల అంచులను పరికించుట మేలు. ఏలయన నేల ఈయజాలని పోషకమునే ఈ మొక్క పురుగులనుండి సంపాదించుకొనుచున్నది. ఆకుకొననుండి సాగిన తీగ చివర వ్రేలాడు కూజాను దగ్గరగా చూచినచో, మూతి అంచున తేనెయు, లోపలి గోడపై మైనపు పూతయు, అడుగున కాలుజారి పడిన చీమలను జీర్ణించుకొను ద్రవమును కానవచ్చును.

కూజాలు కనబడినంతమాత్రమున పని తీరదు. ఈ జాతిలో ఆడమొక్కలు వేఱు, మగమొక్కలు వేఱు. పూవు లేనప్పుడు చూచి ఏది ఏదియో చెప్పుట సాధ్యము కాదు. కావున పూతకాలమున మఱల వచ్చి, ఒకే తావున రెండును గలవా యని లెక్క వ్రాసికొనవలెను. మగమొక్కలే మిగిలిన వాలున ఎన్ని కూజాలు వ్రేలాడినను విత్తనము పుట్టదు గదా! అన్వేషణలో ఈ లెక్కయే ప్రధానమని నా అభిప్రాయము.

అపాయమునందున్న జీవజాతుల అంతర్జాతీయ వాణిజ్యమును నియంత్రించు సైటిస్ ఒడంబడిక మొదటి అనుబంధమున ఈ జాతి చేరినది. దక్షిణ గారో కొండలలోని బాఘ్‌మారాయందు దీనికొక అభయారణ్యమును కలదు. అయినను బొగ్గు త్రవ్వకములును, పెఱికి అమ్ముకొనువారును దీనిని విడువలేదు. క్రొత్త తావు కనబడినచో అటవీశాఖకు తెలుపుడు, ఊరెల్ల చాటకుడు.