వినడం కూడా ఒక పనే

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా గోదావరిఖనిలో మన యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఉద్యోగాల మీద మాట్లాడమన్నారు. గ్రూప్స్ గురించి, సింగరేణి నోటిఫికేషన్ల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడే ఉన్నారు. నేను బాయిలో 31 ఏండ్లు చేసి దిగిపోయిన మనిషిని. షిఫ్టు అయిపోయినంక పెళ్లిళ్లకు, సభలకు మైక్ సెట్టు నడిపిన మనిషిని. అందుకే మన సభల్లో ఎవరూ ఎత్తని ఒక పని గురించి చెప్తాను. పాటను రికార్డు చేసే పని.

ముందు బాయి ముచ్చట. మీలో చాలామంది ఓపెన్‌కాస్టులే చూసి ఉంటారు, భూగర్భ గని లోపలికి పోయినవాళ్లు తక్కువ. లోపల బొగ్గు తీసిన చోటికి పోగానే ముందు చేసే పని, పైకప్పును తట్టి వినడం. కర్ర పెట్టి కొడితే గట్టి కప్పు ఖంగుమంటది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా, పగిలిన కుండ లెక్క పలుకుతది. కంటికి రెండూ ఒక్కతీరుగనే ఉంటయి. తేడా చెవికే తెలుస్తది. నాకు ఈ విద్య నేర్పిన పెద్దమనిషికి బడి లేదు, సంతకం రాదు. ఆయన తట్టి "ఆగుండ్రి" అంటే ఓవర్‌మెన్ కూడా ఆగేవాడు. ఆ మాట మీద నా పానం చాలాసార్లు నిలబడ్డది.

కొన్నేండ్ల కింద మా అబ్బాయి ఒక డాక్యుమెంటరీ చూపించాడు. 2003లో వచ్చిన సినిమా. పేరు "టామ్ డౌడ్ అండ్ ద లాంగ్వేజ్ ఆఫ్ మ్యూజిక్". అందులో తెల్లగడ్డం ముసలాయన ఒకాయన రికార్డింగ్ మెషీన్ ముందు కూర్చొని, తల కొంచెం వంచి వింటున్నాడు. ఆ వినే తీరు చూసి నాకు మా బాయి పెద్దమనిషి యాదికొచ్చాడు. అందుకే ఆయన కథ మీకు చెప్తున్నా.

టామ్ డౌడ్ 1925లో న్యూయార్క్‌లో పుట్టాడు. తల్లి ఆపెరా గాయని, తండ్రి ఆర్కెస్ట్రా మనిషి. ఇంట్లో పియానో, వయొలిన్ నడిచేవి. కుర్రతనంలోనే కొలంబియా యూనివర్సిటీ ఫిజిక్స్ ల్యాబ్‌లో పనికి కుదిరాడు. యుద్ధం రోజులవి. ఆ ల్యాబ్‌లో నడిచింది అణుబాంబు పరిశోధన, మాన్‌హట్టన్ ప్రాజెక్టు. యుద్ధం అయ్యాక తిరిగి చదువుకుందామనుకుంటే ఒక చిక్కు వచ్చింది. తాను చేసిందంతా సర్కారు రహస్యం, క్లాసులో చెప్పేదేమో తాను అప్పటికే దాటి వచ్చిన పాఠం. చేసిన పనికి సర్టిఫికెట్ లేదు, తెలిసింది చెప్పుకోవడానికి లేదు. ఆ చదువు వదిలేసి ఒక రికార్డింగ్ స్టూడియోలో చేరాడు. సర్టిఫికెట్ లేక ఆగిపోయిన పోరలు మన గూడేల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. కారణాలు వేరే అనుకోండి.

అప్పుడే 1947లో అట్లాంటిక్ రికార్డ్స్ అని చిన్న కంపెనీ పుట్టింది. నల్లజాతి గాయకుల పాటలు ఎక్కువ చేసేవాళ్లు. చిన్న కంపెనీ అంటే నిజంగానే చిన్నది. పగలు ఆఫీసు, రాత్రయితే టేబుళ్లన్నీ పక్కకు నెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, అదే గదిలో రికార్డింగ్. రే చార్ల్స్ పాడింది అట్లాంటి గదిలోనే. 1959లో ఆయన "వాట్ ఐ సే" ఏడు నిమిషాల దాకా వచ్చింది. చిన్న రికార్డు ఒక వైపు అంత పట్టదు. డౌడ్ అక్కడక్కడ తిరిగొచ్చిన ముక్కలు తగ్గించి, పాటను రెండు భాగాలు చేసి, రికార్డు రెండు వైపులా సగం సగం పెట్టాడు. అది దేశమంతా మోగింది. పాట ఎక్కడ కోస్తే నొప్పి తెలియదో తెలిసినవాడన్న మాట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. ఆ రోజుల్లో పాడేవాళ్లు, వాయించేవాళ్లు అందరూ ఒకేసారి చేస్తే, అంతా కలిసి ఒకే పట్టీ మీద పడేది. డోలు ఎక్కువైతే ఎక్కువే. తర్వాత తగ్గించడానికి లేదు. ఒకడు తప్పితే అందరూ మళ్లీ మొదటినుంచి. గిటార్ వాయించే లెస్ పాల్ అనే ఆయన ఒకే టేపు మీద ఎనిమిది పట్టీలు వేరువేరుగా ఎక్కించే యంత్రం కావాలని ఆంపెక్స్ కంపెనీ చేత చేయించుకున్నాడు. డౌడ్ తన కంపెనీని ఒప్పించి 1958లో అలాంటిది తెప్పించాడు. పెద్ద పెద్ద కంపెనీల దగ్గర కూడా అప్పటికి అది లేదు. గొంతు ఒక పట్టీ, డ్రమ్ ఒక పట్టీ, బేస్ ఒక పట్టీ. దేనికదే. ఎంత కలపాలో తర్వాత తీరికగా చూసుకోవచ్చు.

కలిపే బల్ల మీద అప్పట్లో గుండ్రటి మరలుండేవి, పాత రేడియో వాల్యూమ్ లెక్క. ఒక చేత్తో ఒకటి తిప్పడమే గగనం. డౌడ్ వాటిని తీసేసి, ముందుకు వెనక్కి జరిగే మీటలు పెట్టించాడు. పియానో నేర్చిన మనిషి గదా, పది వేళ్లూ వాడాలనిపించింది. ఈ రోజు మన డీజే పోరడు జరిపే ఫేడర్ ఉందే, దాని వెనక ఆ ముచ్చట ఉంది.

చేతిపని కూడా తెలిసినవాడు. మెంఫిస్‌లో స్టాక్స్ అని, పాత సినిమా హాల్లో పెట్టిన స్టూడియో ఉండేది. 1963లో వాళ్ల మెషీన్ ఆగిపోతే డౌడ్ విమానమెక్కి పోయి బాగుచేశాడు. అక్కడ ఉండగానే రూఫస్ థామస్‌తో "వాకింగ్ ద డాగ్" రికార్డు చేశాడు. రిపేరుకు పోయి పాట పట్టుకొచ్చిండన్నట్టు. తర్వాత ఓటిస్ రెడ్డింగ్, అరీతా ఫ్రాంక్లిన్. అటు జాజ్‌లో జాన్ కోల్ట్రేన్ "జెయంట్ స్టెప్స్". ఇటు రాక్‌లో క్రీమ్, ఆల్మన్ బ్రదర్స్. ఈ పేర్లు మీకు కొత్తయితే ఫోన్‌లో వినండి. ఏ రెండూ ఒకే తీరుగ ఉండవు. ఆయన తన ముద్ర వేయడానికి పోలేదు కాబట్టే అన్ని రకాల పాటలు ఆయన దగ్గరికి వచ్చినయని నాకనిపిస్తది.

అయితే ఒక ముచ్చట దగ్గర నేను ఆగిన. 1967లో క్రీమ్ వాళ్ల "సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్" పాటకు డ్రమ్ కుదరట్లేదట. "కౌబాయ్ సినిమాల్లో ఇండియన్ల డోలు వినిపిస్తది గదా, అట్లా మొదటి దెబ్బ మీద బరువు వేసి చూడండి" అన్నానని డౌడ్ చెప్పాడు. ఆ ఘనత ఎవరిదన్న దాని మీద తర్వాత తగువులున్నయి, అది వాళ్ల పంచాయితీ. ఇండియన్లంటే అక్కడి ఆదివాసులు, మన అన్నదమ్ముల లెక్క. పాట ప్రపంచమంతా తిరిగింది. రాసినవాళ్ల పేర్లున్నయి, వాయించినవాళ్ల పేర్లున్నయి. డోలు ఏ తెగదో, ఏ ఊరిదో లేదు. సినిమావాడు ఏది ఆదివాసీ చప్పుడు అనుకున్నాడో అదే రికార్డుకెక్కింది. డౌడ్ మీద నాకు గౌరవం తగ్గలేదు. కానీ ఆ దెబ్బ విన్నప్పుడల్లా మన తుడుం, మన పెప్రె యాదికొస్తయి.

ఇక నా తప్పు చెప్పుకోవాలి.

1994లో మా మేనత్త ఇక్కడికి వచ్చింది. మాది గోదావరి అవతల, ఆసిఫాబాద్ దిక్కు. ఆమె గోండి పెళ్లిపాటలు పాడితే రాత్రి తెల్లారేది. నా దగ్గర టేప్‌రికార్డర్ ఉంది. క్వార్టర్లో మంచం మీద కూర్చోబెట్టి ఒక క్యాసెట్ నిండా పాడించిన. మధ్యలో షిఫ్టు సైరన్ కూడా పడ్డది. క్యాసెట్ చేసి అమ్ముదామని ఒక స్టూడియోకు తీసుకపోయిన. వాళ్లు కింద కీబోర్డు పరిచారు, ప్యాడ్‌తో దరువు వేశారు, కీబోర్డుకు కలవని చోట ఆమె గొంతును తగ్గించారు. నాకు మహా సంబురమైంది, సినిమా పాట లెక్క ఉందని. అత్తకు వినిపిస్తే చివరిదాకా విని, "గొంతు నాదే బిడ్డా, పాట ఎవరిది?" అన్నది.

నేను నవ్విన. అంతటితో పోలేదు, ఆ అసలు క్యాసెట్ మీదనే తర్వాత ఇంకేదో ఎక్కించిన. క్యాసెట్‌కు పైసలు ఎందుకు దండుగ అని. అత్త పోయి పందొమ్మిదేండ్లయింది. ఇప్పుడు నా దగ్గర ఉన్నది కీబోర్డు కింద అణిగిపోయిన ఆమె గొంతు. ఆ కీబోర్డును తీసేయడానికి కంప్యూటర్లో మా అబ్బాయి చాలా తంటాలు పడ్డాడు. కొంత వచ్చింది. నీళ్ల అడుగునుంచి పిలిచినట్టు ఉంటది.

ఆ సినిమా నన్ను ఎక్కడ పట్టుకుందో ఇప్పుడు మీకు అర్థమైతది. 1970లో మయామీలో డౌడ్ "లేలా" అనే పాట చేశాడు. ఎరిక్ క్లాప్టన్ పాడాడు, డ్యువాన్ ఆల్మన్ అనే యువకుడు గిటార్‌లో తోడు వాయించాడు. మరుసటి ఏడాదే డ్యువాన్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు, 24 ఏండ్లకే. సినిమాలో డౌడ్ 30 ఏండ్ల తర్వాత ఆ అసలు టేపును ఎక్కించి, ఒక్కొక్క మీటనే జరుపుతాడు. అన్నీ తగ్గించి ఒక్కటి పెంచుతాడు. పోయిన పిల్లగాని గిటార్ మాత్రమే మోగుతది. వేలు తీగ మీద జారిన చప్పుడు కూడా. నేను అక్కడ సినిమా ఆపి బయటికి పోయి కూర్చున్న.

డౌడ్ 2002 అక్టోబరులో పోయాడు. ఆ ఏడాదే గ్రామీ ట్రస్టీస్ అవార్డు ఇచ్చారు.

మన దగ్గరికి వద్దాం. 2024 జూన్‌లో సకిని రామచంద్రయ్య గారు పోయారు. మణుగూరు మండలం కూనవరం ఆయనది, అది కూడా మన సింగరేణి నేలే. కంచుమేళం కొడుతూ సమ్మక్క సారలమ్మల కథ నోటితో పాడిన కోయ పెద్ద. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అదే 2024 అక్టోబరులో మార్లవాయి కనకరాజు గారు పోయారు, గుస్సాడి పద్మశ్రీ. పత్రికల్లో ఫొటోలు వచ్చినయి. మీ ఫోన్లలో వాళ్ల వీడియోలు కూడా ఉంటయి, జనం ఈలలతో, జనరేటర్ మోతతో. ఎవరి ఇంట్లోనైనా వాళ్ల గొంతు ఒక్కటే, శుభ్రంగా, గంటసేపు ఉందా? ఉంటే నాకు చెప్పండి, కాళ్లు మొక్కుతా.

మన పోరలు యూట్యూబులో చేస్తున్న పాటలకు నేను అడ్డం కాదు. కీబోర్డు పెట్టండి, ప్యాడ్ పెట్టండి, డ్యాన్సు చేయండి. ఒక్క మాట మాత్రం వినండి. మన కికిరి పలికే స్వరం కీబోర్డు రెండు మెట్ల నడుమ ఎక్కడో ఉంటది. ఆటోట్యూన్ దాన్ని తప్పనుకొని పక్క మెట్టు మీదికి నెడుతది. అది యంత్రం తప్పు కాదు, నడిపేవాడికి కికిరి తెలియకపోవడం. అందుకే నడిపేవాడు మనవాడై ఉండాలంటున్నా. దాన్ని చెడగొట్టకుండా రికార్డు చేయాలంటే ముందు ఆ చప్పుడు చెవిలో ఉండాలి, ఆ చెవి మీకు పుట్టుకతో ఉంది.

చదువుకునేవాళ్లకు దారి ఉంది. పుణె ఎఫ్‌టీఐఐలో సౌండ్ కోర్సు ఉంది, ఎస్టీ సీట్లు ఉన్నయి. ఆస్కార్ తెచ్చిన రసూల్ పూకుట్టి అక్కడ చదివినవాడే, కేరళలో కరెంటు లేని ఊరినుంచి వచ్చినవాడు. డిగ్రీ తర్వాత రాయొచ్చు. ఐటీఐ ఎలక్ట్రానిక్స్ చేసినవాళ్లు మైక్ సెట్టుతో మొదలుపెట్టొచ్చు, నేను పెట్టినట్టు. బతుకుదెరువు అయితదా అంటే, మొదట్లో కాదు. పెళ్లి సీజన్ మీద, సభల మీద గడవాలి. అబద్ధం చెప్పను.

ఏది చేసినా, పెద్దలు పాడితే ముందు ఉత్త గొంతు, ఉత్త వాయిద్యం రికార్డు చేయండి. మొదట్లోనే పేరు, ఊరు, తారీఖు వాళ్ల నోటితోనే చెప్పించండి. ఎంపీ3 కాదు, వేవ్ ఫైలు పెట్టండి. రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు ఇండ్లల్లో దాచండి. ఆ తర్వాత దాని కాపీ మీద మీ ఇష్టం వచ్చిన కీబోర్డు పరుచుకోండి. అసలుది ముట్టుకోవద్దు. పాడినవాళ్లను అడగకుండా అమ్మొద్దు.

నా టైం అయిపోయిందని చీటీ వచ్చింది. భోజనాలయ్యాక కికిరి వాయించే పర్ధాన్ పెద్దాయన పక్క గదిలో కూర్చుంటారు. మైకు, రికార్డర్ నేను తెచ్చిన. నాకు ఇద్దరు పోరలు, ఇద్దరు పోరీలు కావాలి. ఫోన్లు బయట పెట్టి రండి. ఆ గదిలో ఫ్యాన్ బంద్ చేయాల్సి ఉంటది, ఉక్కపోతకు తయారుగా ఉండండి.