క్లోమశోథం, మధుమేహం: ఒకే గ్రంథికి రెండు నష్టాలు



సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల మీద పనిచేసే తెలుగువారు చాలామంది ఉన్నారు. వారిలో నలభై ఏళ్ల కార్మికుణ్ణి ఒకరిని ఊహించుకుందాం. అప్పుడప్పుడు పొట్ట పైభాగంలో నొప్పి వచ్చి వీపులోకి పాకుతుంది. గ్యాస్ అనుకొని మాత్ర వేసుకొని డ్యూటీకి వెళతాడు. కొన్నేళ్లకు రక్తంలో చక్కెర ఎక్కువని తేలుతుంది. వయసును బట్టి టైప్ 2 మధుమేహం అనుకుంటారు. పాత నొప్పి సంగతి ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు. ఆ నొప్పికీ ఈ చక్కెరకూ సంబంధం ఉండవచ్చు. అదే ఈనాటి పాఠం.

క్లోమగ్రంథి జీర్ణాశయం వెనుక ఉంటుంది. దీని పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. గ్రంథిలో అధికభాగం ఆహారాన్ని జీర్ణం చేసే ఎంజైములను తయారుచేస్తుంది. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ వర్ణించిన పుటికలు ఇందులో ఒకటి రెండు శాతం మాత్రమే. పుటికలలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను, ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌ను స్రవిస్తాయి. మొదటిది రక్తంలో చక్కెరను తగ్గిస్తుంది, రెండవది పెంచుతుంది.

ట్రిప్సిన్ అనే ఎంజైము చిన్నపేగులోకి చేరాకే చురుకు కావాలి. గ్రంథిలోనే చురుకైతే సొంత కణజాలాన్నే దెబ్బతీస్తుంది. దీనిని అడ్డుకునే ప్రొటీన్‌కు ఆధారం స్పింక్ 1 అనే జన్యువు. మనదేశంలో కనిపించే ఉష్ణమండల క్లోమశోథ రోగులలో చాలామందికి ఈ జన్యువులో మార్పులు ఉన్నాయని హైదరాబాదు శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించారు. మద్యం, పొగాకు కూడా ముఖ్య కారణాలు.

శోథం మళ్లీ మళ్లీ వస్తే గ్రంథిలో పీచు కణజాలం పెరుగుతుంది, నాళాలలో రాళ్లు ఏర్పడవచ్చు. ముందు ఎంజైములు తగ్గుతాయి, క్రమంగా పుటికలూ నశిస్తాయి. ఇలా వచ్చే మధుమేహాన్ని టైప్ 3సి అంటారు.

టైప్ 2లో ముఖ్యంగా శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించదు. ఇక్కడ ఇన్సులిన్‌తోపాటు గ్లూకగాన్ కూడా తగ్గుతుంది. అందువల్ల మందు కాస్త ఎక్కువైనా, భోజనం ఆలస్యమైనా చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. రాత్రి డ్యూటీలో యంత్రం ముందు నిలబడేవారికి ఇది చిన్న విషయం కాదు. టైప్ 2 ఉన్నవారికి క్లోమశోథం కూడా రావచ్చు. అప్పుడు రెండు నష్టాలూ కలుస్తాయి.

మరి గుర్తించడం ఎలా? బరువు తగ్గడం, మలం జిడ్డుగా నీటిపై తేలడం సూచనలు. అయితే ఎంజైముల స్రావం దాదాపు 90 శాతం తగ్గేవరకు ఈ జిడ్డు కనపడకపోవచ్చు. అందుకే మలంలో ఎలాస్టేజ్ పరీక్ష, పొట్ట స్కానింగ్ ఉపయోగపడతాయి. చాలామందికి ఇన్సులిన్, భోజనంతోపాటు ఎంజైము గుళికలు అవసరమవుతాయి. కొన్ని మధుమేహ మందులను క్లోమశోథం వచ్చినవారికి సాధారణంగా ఇవ్వరు.

కాబట్టి చక్కెర రిపోర్టు చూపించేటప్పుడు పాత పొట్టనొప్పి గురించి డాక్టరుకు చెప్పండి. మద్యం, పొగాకు మానండి. చెప్పకుండా మాత్రలు మానవద్దు, మార్చవద్దు.