కార్డు మీద పది లక్షలు... ఆసుపత్రిలో స్టెంట్ లేదు! ఆరోగ్యశ్రీ ఆగేది ఎక్కడ?

ఈ ఎపిసోడ్ మెట్టుగూడలో మా ఇంటి మేడ మీద రికార్డ్ చేస్తున్నా. మధ్యలో మెట్రో సౌండ్ వస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

టాపిక్‌లోకి వెళ్లే ముందు మీకు ఒక సారీ చెప్పాలి. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో కొత్త ప్రభుత్వం రెండు పథకాలు మొదలుపెట్టింది. ఒకటి మహిళలకు ఉచిత బస్సు. రెండోది ఆరోగ్యశ్రీ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంపు. ఆ రోజు నేను ఒక నిమిషం షార్ట్ చేశా. "ఇక పేదోడికి ఆసుపత్రి అంటే భయం లేదు" అని చివర్లో డైలాగ్ కూడా కొట్టా. వ్యూస్ బాగా వచ్చాయి. అందులో నేను చెప్పిన అంకె కరెక్టే. కానీ ఆ అంకె చూపించి మీకిచ్చిన భరోసా తప్పు. ఎందుకు తప్పో మా ఇంట్లో జరిగాకే నాకు అర్థమైంది.

2025 సెప్టెంబర్. జనగామలో ఉండే మా బాబాయ్‌కి నడిస్తే ఛాతీలో పట్టేసినట్టు అవుతోంది. హనుమకొండలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ తీశారు. ఒక రక్తనాళంలో పెద్ద బ్లాక్ ఉంది, స్టెంట్ వేయాలి అన్నారు. "ఇప్పటికిప్పుడు ప్రాణం మీదికి రాలేదు, కానీ లేట్ చేయొద్దు" అని డాక్టర్ చెప్పాడు. ఆరోగ్యశ్రీ కింద చేస్తాం, 17న పెట్టుకుందాం అన్నారు. మా చిన్నమ్మ బ్యాగు సర్దుకుంది.

సెప్టెంబర్ 16 అర్ధరాత్రి నుంచి నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. 17న పొద్దున్నే బాబాయ్ వాళ్లు ఆసుపత్రికి వెళ్తే కౌంటర్‌లో చెప్పిన మాట: "ఆరోగ్యశ్రీ బంద్ ఉందండి. క్యాష్ అయితే ఇవాళే చేస్తాం, లక్షన్నర అవుతుంది."

చిన్నమ్మ నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు, తిట్టలేదు. ఒక్కటే అడిగింది. "పది లక్షలని నీ వీడియోలో నువ్వే చెప్తివి గదరా. ఇప్పుడు నా మెడలది అమ్మమంటవా?"

నా దగ్గర ఆన్సర్ లేదు. ఆమె అడిగిన ప్రశ్నకు ఆన్సర్ వెతుక్కుంటూ వెళ్తే వచ్చిందే ఈ ఎపిసోడ్.

ముందు కొంచెం చరిత్ర

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి. ముందు మూడే జిల్లాలు: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. తర్వాతి ఏడాదికల్లా రాష్ట్రమంతా విస్తరించింది. అప్పటి పరిమితి కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అది దాటితే ఇంకో 50 వేలు. మొదట్లో ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారా నడిచింది, తర్వాత బిల్లులు ప్రభుత్వ ట్రస్టే నేరుగా కట్టడం మొదలైంది. 2021లో తెలంగాణ కేంద్రం వాళ్ల ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. అలా 2 లక్షలు 5 లక్షలైంది, 5 లక్షలు 10 లక్షలైంది.

ఈ పథకాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. మన ఇళ్లలో గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్మడమే అనుకున్న రోజులు ఉండేవి. ఆ రోజుల్ని మార్చింది ఇదే. నా బాధ అంతా మనం దీన్ని కొలిచే పద్ధతి మీద. ప్రతి ప్రభుత్వం పరిమితి పెంచుతుంది, మనం చప్పట్లు కొడతాం, నాలాంటోడు షార్ట్ చేస్తాడు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే 2023 డిసెంబర్‌లోనే ఆ అంకె 25 లక్షలకు వెళ్లింది.

అసలు పేషెంట్‌కి వైద్యం అందుతుందా లేదా అన్నది ఆ అంకె ఒక్కటే తేల్చదు. ఇంకో రెండు అంకెలు ఉన్నాయి. వాటిని ఏ ఫ్లెక్సీ మీదా వేయరు.

మొదటి అంకె: ప్యాకేజీ రేటు

ఆరోగ్యశ్రీలో ప్రతి చికిత్సకు ఒక ఫిక్స్‌డ్ రేటు ఉంటుంది. స్టెంట్‌కి ఇంత, ఫలానా ఫ్రాక్చర్‌కి ఇంత అని. బెడ్, మందులు, పరీక్షలు, ఆపరేషన్, అన్నీ అందులోనే. మామూలుగా జరిగే చాలా ఆపరేషన్ల ప్యాకేజీ లక్ష లోపే ఉంటుంది. అంటే పరిమితి 5 లక్షలున్నా 10 లక్షలున్నా ఆ ఒక్క ఆపరేషన్‌కి ఆసుపత్రికి వచ్చేది అంతే. పరిమితి పెంచితే లాభం ఎవరికి? ఏడాదిలో పెద్ద ఖర్చున్న జబ్బు వచ్చినవాళ్లకు, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు మంచాన పడ్డవాళ్లకు. వాళ్లకది నిజంగా పెద్ద సాయమే. మిగతావాళ్లకు తేడా తెలియదు.

రేట్లు దాదాపు పదేళ్లు కదలలేదని ఆసుపత్రులు గొడవ చేస్తూ వచ్చాయి. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం 1,375 చికిత్సల రేట్లు పెంచి, కొత్తగా 163 చికిత్సలు చేర్చింది. మొత్తం 1,835 అయ్యాయి. నా దృష్టిలో 10 లక్షల ప్రకటన కంటే ఇది పెద్ద వార్త. కానీ దీని మీద నేను షార్ట్ చేయలేదు. ఎందుకంటే వ్యూస్ రావు అనుకున్నా.

రెండో అంకె: డబ్బు ఎన్ని రోజులకు వస్తుంది?

ఇదే అసలు కథ. ప్రాసెస్ సింపుల్‌గా చెప్తా. పేషెంట్ వస్తాడు. ఆసుపత్రి ఆన్‌లైన్‌లో ప్రీ-ఆథ్, అంటే ముందస్తు అనుమతి పెడుతుంది. ట్రస్ట్ డాక్టర్లు చూసి ఓకే చేస్తారు. ఆపరేషన్ అవుతుంది, డిశ్చార్జ్ అవుతుంది. తర్వాత ఆసుపత్రి క్లెయిమ్ పెడుతుంది. ట్రస్ట్ చెక్ చేసి డబ్బు వేయాలి. మిగతా స్టెప్పులన్నీ రోజుల్లో అయిపోతాయి. చివరి స్టెప్ మాత్రం నెలలు పడుతుంది.

2025 సెప్టెంబర్‌లో ఆసుపత్రుల సంఘం చెప్పిన బకాయి దాదాపు 1,400 కోట్లు. ప్రభుత్వం వాదన వేరే: ముందటి ప్రభుత్వం కంటే నెలనెలా మేమే ఎక్కువ ఇస్తున్నాం, చాలా ఆసుపత్రులు సేవలు ఆపలేదు అని. ఎవరి లెక్క ఎంత కరెక్టో ఈ వీడియోలో తేల్చలేను. కానీ అదే ఏడాది జనవరిలో కూడా ఆసుపత్రులు ఇలాగే సేవలు ఆపాయి. అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆగాయి, అక్కడి ఆసుపత్రులు చెప్పిన బకాయి 2,700 కోట్లు. రెండు రాష్ట్రాలు, రెండు వేర్వేరు పార్టీలు, జబ్బు ఒక్కటే. కాబట్టి దయచేసి దీన్ని పార్టీ గొడవ చేయకండి.

ఇప్పుడు ఈ ఆలస్యం ఎవరి మీద పడుతుందో చూద్దాం. హైదరాబాద్‌లో పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి ఉందనుకోండి. వాళ్లకు కంపెనీ ఇన్సూరెన్స్ పేషెంట్లు ఉంటారు, క్యాష్ పేషెంట్లు ఉంటారు. ఆరోగ్యశ్రీ డబ్బు ఆరు నెలలు లేటైనా బండి నడుస్తుంది. అదే జిల్లా టౌన్‌లో యాభై పడకల ఆసుపత్రి తీసుకోండి. బెడ్ల మీద ఎక్కువమంది ఆరోగ్యశ్రీ వాళ్లే. నర్సుల జీతం, ఆక్సిజన్, కరెంటు బిల్లు, బ్యాంకు ఈఎంఐ, ఇవేవీ ఆగవు కదా.

బాబాయ్ వెళ్లిన ఆసుపత్రి మీద నాకు చాలా కోపం వచ్చింది. ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడా. అక్కడి అకౌంటెంట్ పాపం ఓపిగ్గా విన్నాడు. చివరికి అన్నాడు, "తమ్ముడూ, స్టెంట్లు సప్లై చేసే డీలర్ మాకు అరువు ఆపేసి రెండు నెలలైంది. నాకే జీతం సగం వచ్చింది. నువ్వు నన్ను తిడితే నేనెవర్ని తిట్టాలె?"

అక్కడ నా కోపం చల్లారింది. చేతిలో సర్జరీ డేట్ ఉన్న పేషెంట్‌ని వెనక్కి పంపడం తప్పే, నేను ఇప్పటికీ అదే అంటా. కానీ ఆ తప్పు ఆ కౌంటర్ దగ్గర మొదలవ్వలేదు.

మన భాషలో చెప్పాలంటే, ఫోన్‌లో అన్‌లిమిటెడ్ ప్యాక్ ఉంది, ఊళ్లో టవరే లేదు. ప్యాక్ ఎంత పెద్దదైతే ఏం లాభం?

ఆ తర్వాత ఏమైంది?

18న బాబాయ్, చిన్నమ్మ జనగామలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగారు. ఆటోలో మా ఇంటికి తీసుకొస్తుంటే లాలాగూడ రైల్వే ఆసుపత్రి బోర్డు కనిపించింది. మీలో ఇటువైపు వాళ్లకు తెలుసు, సౌత్ సెంట్రల్ రైల్వే వాళ్ల సెంట్రల్ హాస్పిటల్ అది. మా ఇంటికి దగ్గరే.

బాబాయ్ అడిగాడు, "ఇంత దగ్గర ఇంత పెద్ద దవాఖానా ఉంటే గాంధీ దాకా ఎందుకు బిడ్డా?"

"అది రైల్వేటోళ్లకు బాబాయ్. మన కార్డు వేరే."

అక్కడ ఉద్యోగికి, రిటైర్ అయినవాళ్లకు రైల్వే నేరుగా వైద్యం చేస్తుంది. అది వాళ్ల సొంత ఆసుపత్రి, సొంత బడ్జెట్. ప్రతి ఆపరేషన్‌కి క్లెయిమ్ పెట్టుకుని డబ్బు కోసం ఎదురుచూడాల్సిన అవసరం లేదు. ఒకే రోడ్డు మీద ఒకరికి గేటు తెరుచుకుంటుంది, ఇంకొకరు ఆటోలో ముందుకెళ్తారు.

మేం గాంధీకి వెళ్లాం. ప్రైవేట్‌లో ఆగిపోయినవాళ్లందరికీ మిగిలే దారి గాంధీ, ఉస్మానియా, నిమ్స్, వరంగల్ ఎంజీఎం. ఓపీ లైన్లో మా ముందున్న పెద్దాయన సూర్యాపేట నుంచి వచ్చాడు, ఆయనదీ సేమ్ స్టోరీ. మూడు నాలుగు రోజుల్లో ప్రభుత్వంతో చర్చలయ్యాయి, ఆసుపత్రులు మళ్లీ సేవలు మొదలుపెట్టాయి. బాబాయ్ మాత్రం మళ్లీ హనుమకొండ వెళ్లనన్నాడు. తర్వాతి వారం గాంధీలోనే స్టెంట్ వేశారు. ఒక్క రూపాయి తీసుకోలేదు. ఇప్పుడు బాగున్నాడు. కానీ ఆ పది రోజులు రాత్రి ఆయన దగ్గినప్పుడల్లా చిన్నమ్మ లేచి కూర్చునేది. ఆ పది రోజుల లెక్క ఏ బకాయిలోనూ ఉండదు.

మీ ఇంట్లో అవసరం వస్తే

స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి, నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒకరు ఉంటారు. ముందు వాళ్లను కలవండి. ప్రీ-ఆథ్ పెట్టారా, ఓకే అయిందా అడగండి.

రెండు, ఎమర్జెన్సీ అయితే ఫోన్ మీద అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. "అనుమతి వచ్చేదాకా ఆగండి" అంటే ఈ మాట గుర్తుచేయండి.

మూడు, ప్యాకేజీలో ఉన్న చికిత్సకు అదనంగా డబ్బు అడగకూడదు. అడిగితే రశీదు అడగండి, 104కి కాల్ చేయండి.

నాలుగు, డిశ్చార్జ్ అయ్యాక పది రోజుల మందులు, ఇంటికి వెళ్లే చార్జీ కూడా పథకంలో భాగమే. చాలామంది అడగకుండానే వచ్చేస్తారు.

ఐదు, పేషెంట్ కండిషన్ సీరియస్‌గా ఉండి ఆసుపత్రి తీసుకోనంటే కౌంటర్ దగ్గర వాదిస్తూ కూర్చోకండి. వెంటనే 108.

చివరిగా

నేను ఉద్యోగం చేసేటప్పుడు సర్వర్ ఎంత పెద్దది అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. రిక్వెస్ట్ పంపితే ఎంతసేపట్లో రెస్పాన్స్ వస్తుంది అనే అడిగేవాళ్లు. ప్రభుత్వాన్నీ అదే అడుగుదాం. ఏ ఆసుపత్రికి ఏ నెల దాకా క్లెయిమ్‌లు క్లియర్ అయ్యాయో వెబ్‌సైట్‌లో పెట్టండి. జిల్లాల్లోని చిన్న ఆసుపత్రుల బిల్లులు ముందు కట్టండి. సర్జరీ డేట్ ఇచ్చేసిన పేషెంట్‌ని మధ్యలో ఆపకూడదని ఆసుపత్రులతో ఒప్పందంలో రాయించుకోండి. వీటికి ఫ్లెక్సీలు అక్కర్లేదు.

నేనూ ఒక మాట ఇస్తున్నా. ఈసారి ఎవరైనా పరిమితి పెంచామంటే షార్ట్ చేస్తా, కానీ మొదటి లైన్‌లోనే అడుగుతా: పాత బిల్లులు కట్టారా?

2023 నాటి ఆ షార్ట్ డిలీట్ చేయలేదు. కింద పిన్ చేసి ఈ ఎపిసోడ్ లింక్ పెట్టా. చిన్నమ్మకు కూడా పంపా. ఆమె రిప్లై: "గిది ముందే చెప్పొద్దా?"

చెప్పాల్సింది, చిన్నమ్మా. వచ్చే వారం కలుద్దాం. ఉంటా మరి!