కదలు శిల్పము - బస్తరు రథము



ఎవరైన ఉలుకు పలుకు లేక నిలువబడినచో ‘శిల్పమువలె నున్నాడు’ అనుట తెలుగువారి వాడుక. శిల్పమనగా కదలనిదని ఆ మాటలోనే తీర్పు చెప్పబడినది. పాశ్చాత్యులును చిరకాలము అట్లే తలంచిరి. 1920 ప్రాంతమున నౌమ్ గాబో అను రష్యా శిల్పి సన్నని లోహపు కడ్డీ నొకదానిని విద్యుద్యంత్రముచే కంపింపజేసి, గాలిలో నేర్పడిన తరంగాకృతినే శిల్పముగా ప్రదర్శించెను. అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ చేసిన కదలు బొమ్మలకు 1931లో మార్సెల్ డ్యూషా ‘మొబైల్’ అని నామకరణము చేసెను; ఆ మాట వినగానే నేడు ఎల్లరకును చేతి టెలిఫోనే స్ఫురించుట వేరు సంగతి. ఆ కాల్డరే 1955లో అహమ్మదాబాదునకు వచ్చి, సారాభాయి కుటుంబమువారి అతిథిగా నుండి కొన్ని శిల్పములు చేసిపోయెను.

వీనిని చూచి అబ్బురపడుట తప్పు కాదు. అయితే చలనమే ప్రాణముగా గల శిల్పము ఈ దేశపు నడుమనే, అందును ఓరుగంటి కాకతీయుల పేరు నేటికిని చెప్పుకొను గడ్డమీద కలదని యెరిగినవారు తక్కువ. అది బస్తరు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఉత్తరపు టడవులకు పోయి రాజ్యము స్థాపించెనని అక్కడి రాజవంశ వృత్తాంతము. దంతెవాడలోని 1703 నాటి శాసనము ఆ వంశమును కాకతి వంశముగనే పేర్కొనుచున్నది. ఆ రాజుల కులదేవత దంతేశ్వరి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని జగదల్‌పూరులో జరుగు దసరా ఆమె పండుగ. అందు రావణుడు లేడు, దహనము లేదు. డెబ్బదియైదు దినములు సాగు ఉత్సవములో కన్నుల పడునది రథమే.

తెలుగు పంచాంగము ప్రకారము ఆషాఢ బహుళ అమావాస్యనాడు అడవినుండి తెచ్చిన ఒక దుంగను పూజించుటతో పని మొదలగును. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామముల వడ్రంగులు వచ్చి కొయ్య చెక్కుదురు. కమ్మరులు ఇనుప పట్టీలు దిగ్గొట్టుదురు. త్రాళ్లు పేనునది అడ్డతీగ నారతో - ఆకులు కుట్టి తెలుగువారు విస్తళ్లు చేసికొను ఆ తీగయే. ఇంతటి నిర్మాణము సచివాలయము మీదుగా జరుగవలసి వచ్చినచో ఎన్ని నమూనాలు, ఎన్ని అంచనాలు, ఎన్ని మంజూరు పత్రములు బల్లలు మారవలెనో శ్రోతలకు వేరుగ చెప్పనక్కరలేదు. ఖర్చు వెచ్చములను ప్రభుత్వము చూచుచున్నను, కొలతలు మాత్రము తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చినవే.

నిలిచియున్న రథమును చూచి శిల్పప్రియులు నిరుత్సాహపడవచ్చును. ఆంధ్రదేశపు దేవాలయ రథములందలి నగిషీలు దీనియందు లేవు. బాడిస దెబ్బలు కంబములమీద అట్లే కనబడును. మోటుగానున్న ఈ కొయ్య కట్టడము, వందలకొలది జనులు త్రాళ్లు పట్టి ఒక్క ఊపున లాగినంతనే మరియొకటి యగును. ఇరుసులు మూల్గును, పైయంతస్తు ఊగును, గుడ్డల అలంకారములు ఎగురును; పైనున్న దేవి ఛత్రము ఒరిగి మరల నిలుచును. రెండు నిమిషములు ఒకే రూపమున నుండదు. గాబో శిల్పమునకు విద్యుత్తు కావలెను, కాల్డర్ బొమ్మకు గాలి చాలును. ఈ శిల్పమునకు ఊళ్లన్నియు ఒక్క మాటపై రావలెను.

రావలసినవారిని పిలువకున్న నేమగునో ఆ పండుగయే చూపును. నవరాత్రులలో నాలుగు చక్రముల పూలరథము తిరుగును. విజయదశమినాడు ఎనిమిది చక్రముల పెద్ద రథము ఊరేగును. ఆ రాత్రి కిలేపాల్ ప్రాంతపు మాడియా గోండులు దానిని దొంగిలించి కుమ్హడాకోట్ అడవికి లాగికొని పోవుదురు. పూర్వము రాజు తమ్ము పిలువలేదని అలిగి ఎత్తుకొని పోయిరని కథ. మరునాడు రాజవంశీయుడే ఆ యడవికి పోయి, వారితో కలిసి కూర్చుండి క్రొత్త ధాన్యపు అన్నము తినవలెను. అప్పుడుగాని రథము వెనుకకు రాదు. రాజ్యములు పోయినవి, 1966 మార్చి 25న మహారాజు ప్రవీర్ చంద్ర భంజదేవు జగదల్‌పూరు రాజభవనమున పోలీసు కాల్పులలో మరణించెను. అయినను ఆ అలుక, ఆ బ్రతిమాలుట ఏటేట జరుగుచునే యున్నవి. లాగువానికి ఇంతటి అధికారమిచ్చిన శిల్పము ఐరోపా ప్రదర్శనశాలలలో కానరాదు.

ఆంగదేవుడు మరియొక విచిత్రము. జత కొయ్యలకు నడుమ మరియొక కొయ్యను బిగించి, వెండి బిళ్లలు, నెమలి ఈకలు కట్టిన దేవుడాయన. నలుగురు భుజములమీద మోయుచుండగా గ్రామస్థులు ప్రశ్నలడుగుదురు. ముందునకో వెనుకకో ఆ కొయ్యలు తూగిన తీరే సమాధానము. ఇట్టిదానిని గాజుబీరువాలో పెట్టి చీటీ అంటించినచో మిగులునది కలప. వస్తువును భద్రపరచుట సులభము, మోయు భుజములను భద్రపరచుట కష్టము; ప్రభుత్వ సంగ్రహాలయములు ఇంతవరకు సులభమైన పనియే ఎక్కువగా చేసినవి.

నారాయణపూరు ప్రాంతపు వెదురు పిల్లనగ్రోవికిని ఇదే గతి పట్టుచున్నది. దాని పేరు సులూరు. నోటితో ఊదరు, చేతబట్టి గాలిలో త్రిప్పుదురు. రాత్రివేళ అడవిదారిని పోవువారు మృగములను తొలగించుటకు దానిని త్రిప్పుచు నడచెడివారు. దానిని చేయు పండీరామ్ మండావికి 2025లో పద్మశ్రీ ప్రకటింపబడినది. నగరపు మేళాలలో ముచ్చటపడి కొన్నవారు పలువురు దానిని ముందుగదిలో గోడకు తగిలింతురు. పైనున్న గీతలు చక్కగనే యుండును. పిల్లలెవరైన దించి, వాకిటిలోనికి పోయి, చేయి చాచి గిరగిర త్రిప్పినప్పుడుగాని అది పలుకదు.